లాప్‌టాప్‌కు జోడెద్దులు

ఆదివారం ఉదయం పదకొండుంబావుకు మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పదకొండున్నరకు ఆన్‌లైన్ పరీక్ష. ఆ పదకొండున్నరకు నేను వంటింట్లో జొన్నరొట్టె తింటున్నాను. పరీక్ష వాయిదా పడలేదు, కరెంటు పోలేదు, నెట్ ఆగలేదు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, నేను తప్ప!

ఆ పరీక్ష ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. మా పాత కంపెనీ అందరూ బెంగుళూరు ఆఫీసుకు వచ్చి కూర్చోవాలంది. మా ఆవిడ సుజాత కర్నూలులో గవర్నమెంటు టీచరు. "పోతే నువ్వు పో, నేను రాను" అంది. కర్నూలులో ఇంట్లోనే కూర్చుని కోడ్ రాసుకోవచ్చన్న కంపెనీ నాకు ఇదొక్కటే దొరికింది. పేరులోనే గ్లోబల్ అని ఉంది.

చిక్కేమిటంటే, వాళ్ళ పనంతా లినక్స్ మీద. పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్ మీదే నడుస్తుంది. నా లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దాన్ని తీసేసి లినక్స్ పెట్టాలా? ఉంచాలా? రెండూ కాదని మాక్ కొనాలా? ఎటూ తేల్చుకోలేక కూర్చున్న సమయానికి, కళ్ళు చూపించుకోవడానికి కోసిగి నుంచి మామ మద్దిలేటి వచ్చాడు. సుజాత వాళ్ళ నాయన. ఎద్దులు కొనాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయనను వెంటబెట్టుకుని పోతారు.

"ఏంది అల్లుడా, అట్ల దిగులుగా ఉండావు?"

చెప్పాను. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో వివరించేలోపే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ విండోసు మేత శానా తింటాదా?"

"మెమరీ బాగానే తింటుంది మామా."

"పనిలో పండుకుంటాదా?"

"అప్‌డేట్ వచ్చిందంటే పడుకుంటుంది. ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి."

"ఇంగ రెండోది?"

"లినక్స్ తక్కువ తింటుంది, బాగా లాగుతుంది. కొత్తవాళ్ళు చెయ్యి వేస్తే తంతుంది."

"మూడోది?"

మాక్ ధర చెప్పాను.

"అది ఊరేగింపుకప్పా, సేద్యానికి గాదు" అని కొట్టిపారేశాడు. "అయినా ఒక్కదాన్ని కట్టి దున్నేది యాడన్నా ఉండాదా? రెండూ కట్టు!"

అది తీసెయ్యాల్సిన సలహా కాదు. ఒకే లాప్‌టాప్‌లో రెండూ పెట్టుకుని, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలంటే అది తెరవచ్చు. డ్యూయల్ బూట్ అంటారు. శనివారం సాయంత్రానికి పెట్టేశాను. మామ లాప్‌టాప్ మూతకు పసుపు రాసి కుంకుమ బొట్లు రెండు పెట్టాడు, ఒక్కోదానికి ఒక్కోటి.

ఆదివారం పొద్దున లినక్స్‌లో కాసేపు ప్రాక్టీసు చేసి, ఆపి, పరీక్ష కోసం విండోస్ తెరిచాను. నియమాలు గట్టివి. గదిలో ఫోన్ ఉండకూడదు, వాచీ ఉండకూడదు. రెండూ సుజాతకు ఇచ్చాను. ఎందుకైనా మంచిదని గోడ గడియారాన్ని కూడా మామ దించి, తీసుకుపోయి, వరండాలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష సాఫ్ట్‌వేర్ తెర మొత్తం కప్పేసింది. నడిమధ్యన పెద్ద అంకెలు: పరీక్షకు ఇంకా ఐదు గంటల నలభై నిమిషాలు.

ఉండాల్సింది పది నిమిషాలు! ఇంకొకరైతే కంగారుపడేవాళ్ళు. నేను లెక్క వేశాను. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లండన్‌కూ మనకూ తేడా ఎంత? ఐదున్నర! గ్లోబల్ కంపెనీ కదా, వాళ్ళు చెప్పింది లండన్ పదకొండున్నర అన్నమాట. మనకు సాయంత్రం ఐదు.

బయటికి వచ్చి ఇద్దరికీ వివరించాను.

"మెయిల్ ఇంకోసారి చూడకూడదా?" అంది సుజాత.

"నిమిషం తేడా లేకుండా సరిపోయింది సుజాతా! ఇంకేం చూడాలి?"

మామ ఒళ్ళోని గడియారం వంక చూశాడు. "అయితే ఆడ ఇంగా తెల్లారిండదు, పాపం."

రెండో రొట్టె మీద ఊరిబిండి పచ్చడి వేసుకుంటుండగా ఫోన్ మోగింది. ఎవరో మేడమ్, ఇంగ్లీషులో.

"సర్, మీరు పరీక్షలోకి రాలేదు."

"మేడమ్, ఇంకా ఐదు గంటల పైన ఉంది" అన్నాను, చంటిపిల్లకు చెప్పినంత ఓపికగా. "ఒకసారి టైమ్ జోన్ చూసుకోండి."



"సర్, మీరు ఎక్కడున్నారు?"

"కర్నూలు."

"అక్కడ ఇప్పుడు టైమెంత?"

"పదకొండూ ముప్పావు."

"మాకూ అంతే సర్."

రొట్టె చేత్తోనే పట్టుకుని గదిలోకి పరుగెత్తాను. పరీక్ష సాఫ్ట్‌వేర్ మూసి చూస్తే, తెర మూలన విండోస్ గడియారం ఉదయం ఆరుంబావు చూపిస్తోంది. సంగతి అప్పుడు వెలిగింది. కంప్యూటర్ లోపల ఒక చిన్న గడియారం ఉంటుంది. లినక్స్ దాంట్లో మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం పెట్టి పోతుంది. తర్వాత వచ్చిన విండోస్ అదే ఇండియా టైమ్ అనుకుంటుంది. సెట్టింగుల్లో ఒక్కటి మారిస్తే పోయే తేడా! ఈ రంగంలో ఉన్నవాళ్ళకు కొత్తదేమీ కాదు. అది మార్చి మళ్ళీ తెరిచేసరికి పరీక్షలోకి వచ్చే గడువు దాటిపోయింది.

"రెండూ కట్టమని చెప్పింది నువ్వే కదా మామా!"

"కట్టమన్నా. రెండిటికీ అడుగు కలిసిందా లేదా అని ఒక సాలన్నా దున్ని చూసేది లేదా? తెచ్చిన మర్నాడే పందేనికి తోలుకపోతివి!"

ఆ మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. లండన్ సంగతి కూడా దాచలేదు. ఆమె నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మా సార్‌ను అడిగి చెప్తాను" అంది. సుజాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బెంగుళూరు బస్సు ఎన్నింటికని అడిగింది, ఒక్క టికెట్టుకు.

గురువారం మెయిల్ వచ్చింది. ఇంకో అవకాశం ఇస్తారట. అయితే ఆన్‌లైన్ వద్దట. ఆఫీసుకే వచ్చి, వాళ్ళ కంప్యూటర్ మీద, వాళ్ళ గోడ గడియారం చూసుకుంటూ రాయాలట. కింద అడ్రసు ఇచ్చారు: కడప, రాయచోటి రోడ్డు, ఎరువుల అంగడి పైన. పక్క సందులోంచి మెట్లున్నాయని కూడా రాశారు.

వాళ్ళకున్న ఆఫీసు అదొక్కటే.