భుజం వంతు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆసుపత్రి మంచాలు తయారుచేసే షెడ్డు ఒకటుంది. అందులో వెల్డింగ్ చేసే హన్మయ్యకు ఏటా శ్రావణంలో పది రోజులు సెలవు కావాలి. ఇంట్లో పెళ్లున్నా, షెడ్డులో ఎంత పెద్ద ఆర్డరు మీద పడ్డా ఆ పది రోజులు ఆగవు. పద్నాలుగేళ్లుగా ఇదే తంతు. ఓనరు ఉమాశంకర్ మొదట్లో చిందులు తొక్కేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఊళ్లో అంత కొంపమునిగే పనేంటని ఒకసారి నిలదీస్తే, భుజం వంతుంది సేటూ అన్నాడట హన్మయ్య. ఉమాశంకర్‌కు ఆ మాట అంతుబట్టలేదు. మీకూ అంతుబట్టదు. చెప్తాను, వినండి.

హన్మయ్యది తునికిగుట్ట. ఉప్పల్‌లో బస్సెక్కి, వరంగల్ దాటి, ఇంకా దాటి, చివరి ఆటో దిగాక తొమ్మిది కిలోమీటర్లు కొండెక్కాలి. ముప్పై నాలుగిళ్లు. కరెంటు స్తంభాలున్నాయి, మబ్బు పట్టగానే కరెంటు మాత్రం ఉండదు. బడి ఉంది, పంతులు గుట్ట ఎక్కిన రోజున. దారిలో రెండు వాగులు. రోడ్డు లేదు. లేదంటే లేదు, మట్టిదైనా లేదు. మేడిపల్లిలో, నాగారంలో ఒక్క ఇల్లయినా లేవకముందే ఖాళీ ప్లాట్ల మధ్య సిమెంటు రోడ్లు పరిచారు చూడండి, ఆ కాలంలోనే ఇదీ. అక్కడ వేసిందీ మన సర్కారే, ఇక్కడ వెయ్యనిదీ మన సర్కారే. సిగ్గుండాలి.

గుట్ట మీద ఎవరికైనా జబ్బు చేస్తే నులకమంచాన్ని గడకర్రకు తాళ్లతో వేలాడదీసి, మనిషిని పడుకోబెట్టి, నలుగురు భుజానికెత్తుకోవాలి. వాళ్లు అలిసిపోతే ఇంకో నలుగురు, ఆ తర్వాత ఇంకో నలుగురు. తక్కువలో తక్కువ పన్నెండు మంది లేనిదే మనిషి కిందికి చేరడు. బతుకుదెరువుకని మగవాళ్లు ఒక్కొక్కరే దిగిపోయాక గుట్ట మీద భుజాలు కరువయ్యాయి. అందుకే పెద్దలు కూచుని కట్టుబాటు చేశారు. ఎక్కడ బతుకుతున్నా సరే, వానాకాలంలో ఇంటికొక మగవాడు పది రోజులు వచ్చి గుట్ట మీద కాచుకుని ఉండాలి. భుజం వంతంటే అదీ.

హన్మయ్య తమ్ముడిని మోసిన ఏడాది ఎనిమిది మందే దొరికారు. రెండో వాగు దాటేసరికి మోసేవాళ్ల కాళ్లు లేవలేదు. కాసేపు మంచం దించి కూలబడ్డారు. ఆ కాసేపట్లోనే తమ్ముడు పోయాడు. ఆనాటి నుంచి హన్మయ్య వంతు తప్పలేదు.

మూడేళ్ల కింద అతనికొక ఆలోచన తట్టింది. పొద్దస్తమానం చక్రాల మంచాలకు అతుకులు వేసే చేతులాయె. చక్రాలు గుట్ట మీద పనికిరావు గానీ, మిగిలిన పనితనం ఎక్కడికి పోతుంది? షెడ్డులో మిగిలిపోయిన పలుచటి పైపులు ఉమాశంకర్‌ను అడిగి తీసుకుని, నెల రోజులు పని అయ్యాక కూచుని ఒక స్ట్రెచర్ కట్టాడు. పడుకునే చోట రెక్సిను, మనిషి జారకుండా బెల్టులు, వాన పడకుండా గొడుగులా తెరుచుకునే పట్టా, మోసేవాళ్ల భుజానికి ఒరుసుకోకుండా స్పాంజి మెత్తలు. నులకమంచంలో సగం బరువు కూడా లేదు. ఉప్పల్‌లో కండక్టరుతో వాదులాడి దాన్ని బస్సెక్కించాడు. గుట్ట కింద అతని చెల్లెలి మొగుడు మొగిలయ్య ఎదురొచ్చి, దాన్ని చంటిపిల్లలా భుజాన వేసుకుని పైకి తీసుకుపోయాడు. ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టారు. హన్మయ్యకు ఆ రోజు ఎంత గర్వమనిపించిందో!

ఆ గర్వమే కొంప ముంచింది.

అప్పటికి తునికిగుట్ట రోడ్డు కాగితాల మీద సగం దూరం నడిచింది. ఊరివాళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే సర్వేవాళ్లు వచ్చి బండల మీద ఎర్ర రంగు గీతలు గీసి పోయారు. ఇక పై అధికారి చూసి సంతకం పెట్టడమే తరువాయి. ఆయన పేరు గంగాధరరావు. వచ్చాడు, కింది నుంచి మొదటి వాగు దాకా నడిచాడు, బూట్లు తడుస్తాయని అక్కడే ఆగాడు. గుట్టవాళ్లకు ఇంటికొచ్చిన మనిషికి ఉన్నదాంట్లో మంచిదేదో తెచ్చి చూపించడం అలవాటు. ఊళ్లో మంచి వస్తువు ఏముంది? స్ట్రెచర్ ఉంది. పరుగున పోయి తెచ్చారు. మొగిలయ్య తనే పడుకుని చూపించాడు. గంగాధరరావు ఒక కొస పట్టుకుని ఫొటో దిగాడు, బాగుంది బాగుందని మెచ్చుకుని పోయాడు. కష్టం చూపించాల్సిన చోట కష్టానికి చుట్టిన మెత్తను చూపించారు, అమాయకులు. ఇంకెక్కడైనా ఇలాంటి పొరపాటు జరుగుతుందా?

ఆరు నెలలకు కాగితం వచ్చింది. మొగిలయ్య సిగ్నలు దొరికే దాకా గుట్ట దిగి దాని ఫొటో పంపాడు. హన్మయ్య షెడ్డులో అన్నం డబ్బా ముందు పెట్టుకుని చదివాడు. రోగుల తరలింపునకు సౌకర్యవంతమైన ఆధునిక ఏర్పాటు గ్రామంలో ఇప్పటికే అందుబాటులో ఉన్నందున, రహదారి పనిని అత్యవసర జాబితా నుండి తొలగించడమైనది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బా మూత పెట్టేసి లేచాడు. ఇంట్లో భార్య ప్రవీణ నువ్వు చేసింది తప్పు కాదని ఎంత నచ్చజెప్పినా వినలేదు. తన చేత్తో తనే ఊరి రోడ్డు మూసేశానని కుమిలిపోయాడు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మొన్న ఆషాఢంలో ఉమాశంకర్ పేడాల డబ్బా పట్టుకుని షెడ్డులోకి వచ్చి, ముందుగా హన్మయ్య నోట్లోనే పెట్టాడు. గంగాధరరావు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చిందట. తునికిగుట్ట నమూనాలో నలభై స్ట్రెచర్లు, రోడ్డు లేని నలభై గుట్టలకు. నీ పేరు నిలబెట్టావయ్యా అని ఉమాశంకర్ వీపు తడుతుంటే, హన్మయ్యకు నోట్లో పేడా మింగుడు పడలేదు. నలభై స్ట్రెచర్లంటే నలభై రోడ్లు పోయినట్టే కదా. అయినా మొదటిది కట్టాడు. ఆ గుట్టల మీదా భుజాలు ఒరుసుకుపోయే మనుషులున్నారు మరి, వాళ్లేం పాపం చేశారు?

మొదటి పీసు చూసుకోవడానికి గంగాధరరావు స్వయంగా నాచారం వచ్చాడు. షెడ్డులో పద్ధతేమిటంటే, బరువు పరీక్ష అయ్యాక కట్టిన వెల్డరు పరీక్ష కాగితం నింపి, ఫ్రేము మీద తన నంబరు సుత్తితో కొట్టాలి. నంబరు పడనిదే సరుకు గేటు దాటదు. మామూలుగా ఇసుక బస్తాలతో పరీక్షిస్తారు.

"ఇసుక బస్తా మాట్లాడది సార్. మీరే జర పండుకోండ్రి," అన్నాడు హన్మయ్య.

ఫొటో బాగుంటుందనుకున్నాడో ఏమో, గంగాధరరావు నవ్వుతూ పడుకున్నాడు. హన్మయ్య బెల్టులు బిగించాడు. నలుగురు ఎత్తారు. షెడ్డు వెనక గుంతల దారి మీదుగా ఒక చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టుకు ఆయన నవ్వు ఆరిపోయింది, రెండు చేతులా పైపులు గట్టిగా పట్టుకున్నాడు. దించమని కేకేశాడు. దించారు. మూడు చుట్లకు అర కిలోమీటరు కూడా కాలేదని, గుట్ట మీద ఇలాంటివి యాభై పైచిలుకు చుట్లని, మధ్యలో రెండు వాగులని హన్మయ్య నెమ్మదిగా చెప్పాడు. గంగాధరరావు రుమాలుతో మెడ తుడుచుకుని, కొంచెం ఊగింది గానీ సౌకర్యంగానే ఉందన్నాడు. ఇంకో బెల్టు పెట్టమన్నాడు. వెయ్యాల్సింది రోడ్డయితే పెట్టేది బెల్టా!

హన్మయ్య కాగితం నింపాడు. బరువు దగ్గర బరువు రాశాడు, పొడవు దగ్గర పొడవు. వాడకం అన్న గడిలో 'రోడ్డు వేసేదాకా మాత్రమే' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. గంగాధరరావు చదివి ముఖం మాడ్చుకుని, ఆ ముక్క కొట్టేయమన్నాడు.

"కొట్టెయ్య సార్. ఆ ముక్క లేని పీసు మీద నా నంబరు పడది," అన్నాడు హన్మయ్య. నంబరు అచ్చు కొట్టే పంచ్ జేబులో వేసుకున్నాడు.

గంగాధరరావు కారెక్కి పోయాడు. ఉమాశంకర్ బతిమాలాడు, తిట్టాడు, చివరికి తల పట్టుకుని కూచున్నాడు. వంతుకు ఎట్లాగూ పోతావు కదా, పో, మళ్లీ ఈ గేటు ముఖం చూడకు అన్నాడు. వారం తిరగకముందే ఇంకో వెల్డరు నంబరు కొట్టాడని, కాగితంలో ఆ గడి ఖాళీగా పోయిందని తర్వాత తెలిసింది.

హన్మయ్య గుట్టెక్కిన నాలుగో రోజున మొగిలయ్య కూతురు చంద్రికకు జ్వరం ముదిరింది. పన్నెండేళ్ల పిల్ల. తెల్లారగానే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఎత్తారు. ముందు కుడి భుజం హన్మయ్యది. వాన పడుతూనే ఉంది. మొదటి వాగులో నీళ్లు నడుము దాకా వచ్చాయి, పిల్లకు చుక్క తగలలేదు. ఎర్ర గీతలు గీసిన బండలు దాటుతున్నప్పుడు పట్టా కింద నుంచి చంద్రిక గొంతు వినిపించింది.

"మామా, గిది మస్తు మంచిగుంది. ఊగుతనే లేదు."

ఆ జ్వరంలోనూ పిల్ల అన్న మాటకు మోస్తున్నవాళ్లు నవ్వారు. హన్మయ్యకు మాత్రం గంగాధరరావు అన్న మాటే మళ్లీ విన్నట్టయింది. ముంచుకొచ్చింది కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

"మంచిగుండొద్దు బిడ్డా," అన్నాడు. "మంచిగుంటే రోడ్డెయ్యరు."

మొగిలయ్య వచ్చి భుజం మార్చుకున్నాడు. ఇంకా ఆరు కిలోమీటర్లుంది.