తిరుమలరావు ముక్కు

గాజువాక దాటాక ఇనుము కరిగించే ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది తిరుమలరావుది. నర్సింగ్ చదివిన మనిషి. అసలు డాక్టరు ఎప్పుడో వచ్చి సంతకాలు పెట్టి పోతాడు కాబట్టి కూలీలకి ఈయనే డాక్టరుబాబు. చెయ్యి మంచిదే, కట్టు కడితే జారదు. కానీ ఈయనకి పేరొచ్చింది చేతి వల్ల కాదు, ముక్కు వల్ల.

పసుపు హెల్మెట్ పెట్టుకున్న కాంట్రాక్టు కూలీ ఎవరు తూలుతూ వచ్చినా, నాడి పట్టుకోకముందే తిరుమలరావు వంగి నోరు వాసన చూసేవాడు. విజయనగరం అవతల పల్లెలో చిన్నప్పుడే అలవాటైన పని అది. తండ్రి ఇంటికి ఆలస్యంగా వస్తే, తల్లి తను అడగలేక కొడుకుని పంపేది, "ఎల్లి అయ్య నోరు సూసి రారా" అని. వాసనొచ్చిన రోజు ఇంట్లో కంచాలు ఎగిరేవి. అలా అబ్బిన విద్యని ఎవరు తప్పుపడతారు? ఒకసారి తాగి కొలిమి దగ్గరికి పోబోయినవాణ్ణి నిజంగానే ఆపాడు కూడా. మేనేజరు శాలువా కప్పాడు. ఇక ఆ ముక్కుకి తిరుగు లేకుండా పోయింది.

తెల్ల హెల్మెట్లు పెట్టుకునే ఆఫీసర్ల దగ్గర మాత్రం ముక్కు మర్యాదగా ఉండేది. ఆ వేసవిలో రమణమూర్తి గారనే ఇంజనీరు, గోదావరి వైపు మనిషి, కళ్ళు తిరుగుతున్నాయంటూ వచ్చాడు. ముందు రోజు పార్టీ వాసన గదంతా కొట్టింది. ఏదో కొత్తరకం సెంటు కాబోలనుకున్నాడు తిరుమలరావు. పడుకోబెట్టి బీపీ చూసి, షుగర్ చూసి, అంబులెన్సు పిలిచి, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ జబ్బేమీ లేదని చెప్పి పంపేశారు.

ఆ తర్వాతే కంపెనీవాళ్ళు ఓ క్లాసు పెట్టారు. మనకు తెలియకుండానే మనం కొందర్ని ఎక్కువగా, కొందర్ని తక్కువగా చూస్తామని ఒక మేడమ్ వచ్చి చెప్పింది. తిరుమలరావుకి క్లాసు తెగ నచ్చింది. తన యాసని వెక్కిరించే ఆఫీసర్లంతా వరసపెట్టి గుర్తొచ్చారు. తన ముక్కు గుర్తు రాలేదు. ఎవరి వీపు వాళ్ళకి కనబడదు కదా.

కొండలరావు పరవాడ దగ్గర పల్లెవాడు. ఫ్యాక్టరీలో ఇనుప తుక్కు మోసే పని. ఓ ఉదయం కాలు ఈడుస్తూ, మాట ముద్దముద్దగా వస్తుంటే తోటి కూలీ నాగబాబు భుజం పట్టి తీసుకొచ్చాడు.

"ఏటి కొండలరావ్, పొద్దున్నే ఏసీసినావేటి?" అంటూ వంగాడు తిరుమలరావు.

వాసన రాలేదు.

అక్కడ ఆగాల్సింది. తాగిన వాసన లేదంటే ఇది ఇంకేదో అని పసిపిల్లాడికైనా తోస్తుంది. ఈ మహానుభావుడికి తోచిందేమిటంటే, వీడు సోంపు నమిలి వచ్చాడని. వాసనొస్తే తాగినట్టు, రాకపోతే తెలివిగా తాగినట్టు!

"బాబూ, మాము తాగుతాం గానీ ఆడు ముట్టడు," అన్నాడు నాగబాబు.

"తాగుబోతుకి తాగుబోతు సాక్షా?" అని నవ్వాడు తిరుమలరావు. కొండలరావు ఏదో చెప్పబోయాడు. మూతి ఓ పక్కకి పోయింది. వెక్కిరిస్తున్నాడనుకున్నాడు ఈయన. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ చెట్టు కూడా అక్కర్లేకపోయింది, నెత్తిమీది హెల్మెట్ చాలింది. "పడుకుంటే దిగిపోతాది" అని ఇంట్లోవాళ్ళకి చెప్పమని ఆటోవాడికి అప్పగించి ఇంటికి పంపేశాడు.

మర్నాటికి కొండలరావుకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఇది పక్షవాతమనీ, వచ్చిన వెంటనే తెచ్చుంటే ఇంజెక్షన్ ఇచ్చి చూసేవాళ్ళమనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఫ్యాక్టరీలో తిరుమలరావుని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఓ కూలీ ఒంట్లో బాగాలేక మానేశాడు, అంతే. అదే రమణమూర్తి గారికి జరిగి ఉంటే ఊరుకునేవాళ్ళా? తలుచుకుంటే ఒళ్ళు మండదూ!

కొండలరావు భార్య అసిరమ్మ ఓ రోజు వచ్చి గది గుమ్మంలో నిలబడింది. గొడవకొచ్చిందనుకుని తిరుమలరావు లేచాడు.

"ఆ రోజు వాసనొచ్చిందా బాబూ?"

వచ్చిందని చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆమె మొహం చూశాక నోరు రాలేదు.

"రాలేదమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

"సదువుకున్నోరు మీరే సెప్పినారని నానూ నమ్మీసినాను. ఆటోలోంచి దించగానే నెత్తిన నీళ్ళు గుమ్మరించి సీపురుతో కొట్టినాను. పిల్లల ముందే కొట్టినాను. నాకేసి సూసి ఏడిసినాడు. తాగినోడు ఏడుత్తాడు కదా అనుకున్నాను. పెళ్ళయిన కాడ్నుంచీ సుక్క ముట్టని మనిషి బాబూ."

తిరుమలరావు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఇప్పుడు నా సేత్తో ముద్ద ఎడితే నోరు తెరవడు. మొకం గోడకి తిప్పీసుకుంటాడు. పక్కింటోళ్ళు ఎడితే తింటాడు. మీరొకపాలి వచ్చి, తప్పు నాది, దానిది కాదని మా మనిషికి సెప్పండి. ఇంకేటీ అడగను."

"ఆదివారం వస్తానమ్మా," అన్నాడు తిరుమలరావు. వెళ్దామనే అనుకున్నాడు. ఆదివారం పెందుర్తిలో ఇంటి దగ్గర బండి తీశాడు, బత్తాయిలు కొన్నాడు, పరవాడ దారి పట్టాడు. సగం దూరం పోయి, రోడ్డు పక్కన ఆగిపోయాడు. ఓ కూలీ మంచం పక్కన నిలబడి తప్పు నాదని ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఇంజనీరు గారికైతే కాళ్ళు పట్టుకునైనా చెప్పేవాడు. ఆ సంగతి ఆయనకే తట్టింది. తట్టాక సిగ్గేసింది. సిగ్గేసినా బండి ముందుకు పోలేదు. బత్తాయిలు ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి పెట్టాడు.

అసిరమ్మ ఇప్పటికీ అన్నం కలిపి, ముద్దలు చేసి, పక్కింటావిడ చేతికిస్తోంది.