క్లోరోప్లాస్ట్ గుమ్మంలో ఇన్‌స్పెక్షన్ సార్

మొన్న మంగళవారం మేం ఓ పెద్దమనిషి చేత బూట్లు విప్పించి, నడుం వంచి నడిపించి, మెడలో ఉన్న ఐడీ కార్డు ట్యాగ్ కత్తెరతో కత్తిరించామండీ. ఆయన వచ్చింది దేనికో తెలుసా? నా ఉద్యోగం ఉంచాలా, తీసేయాలా అని తేల్చడానికి!

నవ్వకండి. మొదట్నుంచీ చెప్తాను.

నేను చీరాలలో ఓ డిగ్రీ కాలేజీలో బోటనీ గెస్ట్ లెక్చరర్ని. గెస్ట్ అంటే తెలుసుగా, ఏటా మళ్ళీ తీసుకుంటేనే ఉంటాం. ఈసారి బయట్నుంచి ఓ సార్ వచ్చి, నా క్లాసు కూర్చుని చూసి, రిపోర్ట్ రాస్తారన్నారు. పదకొండింటికి. టాపిక్ కూడా వాళ్ళే ఇచ్చారు. ఆకుకి పచ్చరంగిచ్చే క్లోరోప్లాస్ట్ బయటి పొరలో ఉండే ప్రోటీన్లు! వేరు, కాండం ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. బాపట్లలో రైలెక్కాక సీటు దొరికినా కూర్చోలేదు. స్టాఫ్ రూమ్‌లో టీ తాగాను. తాగానో లేదో గుర్తురాక ఇంకోటి తాగాను. ముప్పై రెండు స్లైడ్లు చేసుకున్నాను కదా, భయం దేనికి అని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.

పదిన్నరకి కరెంటు పోయింది.

ప్రొజెక్టర్ నోరు మూసుకుంది. ముప్పై రెండు స్లైడ్లూ గంగలో! క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. పిల్లలు టెన్నిస్ చూస్తున్నట్టు తలలు తిప్పుతున్నారు. అప్పుడు తట్టింది ఐడియా. స్లైడ్లు లేకపోతేనేం, పిల్లలే ప్రోటీన్లు!

"ఒరేయ్, అందరూ లేవండి. ఈ గదే క్లోరోప్లాస్ట్. ఈ గుమ్మం దాని బయటి పొర. క్లోరోప్లాస్ట్‌కి కావాల్సిన ప్రోటీన్లు చాలావరకు బయటే తయారై వస్తాయి. కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వస్తాయి చూడండి, అలాగ. టిక్కీ మీద పేరూ ఊరూ లేకుండా లోపలికి తీసుకుంటారా?"

"తీసుకోరు మేడం!"

"ఇక్కడా అంతే. ప్రోటీన్‌కి ఓ చివర అడ్రస్ ట్యాగ్ ఉంటుంది. గుమ్మం దగ్గర దాన్ని చూసేవాళ్ళు టాక్ థర్టీఫోర్, టాక్ వన్ ఫిఫ్టీనైన్ అనే కాపలా ప్రోటీన్లు. దారి ఇచ్చేది టాక్ సెవెంటీ ఫైవ్."

"హిట్ టాకా, ఫ్లాప్ టాకా మేడం?" అన్నాడు బాజీ. వాణ్ణే గుమ్మం దగ్గర కాపలా పెట్టాను, టాక్ థర్టీఫోర్‌గా. పక్కన శ్రావణి. ఇద్దరమ్మాయిలు చేతులు కలిపి, కిందికి దించి, దారి అయ్యారు, అంటే టాక్ సెవెంటీ ఫైవ్. సందు ఇరుకు కాబట్టి ముడుచుకున్న ప్రోటీన్ పట్టదు, సాగి తీగలా రావాలి. అందుకని బ్యాగు, బూట్లు బయట వదిలి, వంగి రావాలని రూల్ పెట్టాం. లోపల రమ్య కత్తెరతో రెడీ. లోపలికొచ్చాక ట్యాగ్ కత్తిరించే ఎంజైమ్ తనే. లోపలి పొరలో ఇంకో గుమ్మం ఉంది గానీ, దాన్ని ఆ రోజుకి వదిలేశాను.

మా బొద్దు లోకేష్ మెడలో రిబ్బన్ కట్టి, ప్రోటీన్‌గా బయటికి పంపాను. "ఎవరొచ్చినా సరే, రూల్ రూలే!" అని బోర్డు వైపు తిరిగి బొమ్మ వేయడం మొదలుపెట్టాను.

వెనక బాజీ గొంతు. "ఎవరండీ మీరు? ట్యాగ్ చూపించండి."

"నేనా? బాబూ, నేను..." ఎవరో పెద్దాయన గొంతు. అబ్బ, లోకేష్ గొంతు మార్చి ఎంత బాగా యాక్ట్ చేస్తున్నాడో అనుకున్నాను.

"వదలకండ్రా!" అన్నాను బొమ్మ గీస్తూనే. "బ్యాగు దించమను!"

"బూట్లు కూడానా అమ్మా?"

"బూట్లు కూడా! వంగమను! ఇంకా వంగమను, ఆ పొట్టతో పట్టదు!"

క్లాసంతా ఒకటే నవ్వు. ఆహా, పాఠం అదిరిపోతోంది అనుకున్నాను. కిటుక్‌మని కత్తెర చప్పుడు. చప్పట్లు.

తిరిగి చూశాను.

యాభై దాటిన మనిషి. సాక్సులతో నిలబడ్డాడు. ఓ చేతిలో బూట్లు, ఇంకో చేతిలో తెగిన ట్యాగ్‌తో ఐడీ కార్డు. గుమ్మం అవతల మా ప్రిన్సిపాల్ గారు, లోపలికి రావాలా వద్దా తెలీక, చెప్పులు సగం విప్పి ఆగిపోయారు. ఆయన వెనక నీళ్ళు తాగొచ్చిన లోకేష్, మూతి తుడుచుకుంటూ.

"మీరే పంపించారనుకున్నాం మేడం," అంది రమ్య మెల్లిగా.

నేను చాక్‌పీస్ వెనక్కి దాచేసుకున్నాను. ఇన్‌స్పెక్షన్ సార్ మాత్రం వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని, "కానివ్వండమ్మా," అన్నారు.

కానిచ్చాను. ఏం చెప్పానో దేవుడికే తెలియాలి. ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉన్నాను. చివర్లో ఆయన చెయ్యెత్తారు. "ట్యాగ్ తెగిన ప్రోటీన్ మళ్ళీ బయటికి ఎలా పోతుందమ్మా?"

"పోదండీ. ఇంక లోపలే పని చేసుకుంటూ ఉండిపోతుంది."

"నాకు రెండింటికి ఒంగోల్లో ఇంకో కాలేజీ ఉందే!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆయనా నవ్వారు. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. శ్రావణి తన జడ రిబ్బన్ విప్పి కార్డుకి కట్టిచ్చింది. ఆయన బూట్లు వేసుకుని ఫారం తీశారు. గుమ్మం దగ్గర ఇంకా చేతులు కలిపి నిలబడ్డ అమ్మాయిల వైపు చూస్తూ, "పేరు?" అన్నారు.

"టాక్ సెవెంటీ ఫైవ్ అండీ."

"టాక్... ఇంటిపేరా?"

"కాదండీ, బయటి పొర."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, ఇంకేం అడక్కుండా రాసుకుని వెళ్ళిపోయారు. ఆయన అడిగింది నా పేరని నాకు మెట్లు దిగుతుంటే తెలిసింది! పరిగెత్తాను. కారు అప్పటికే గేటు దాటిపోయింది.

నిన్న ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "కరుణా, రిపోర్ట్ వచ్చిందమ్మా. క్లాసు చాలా బాగుందని రాశారు."

"థ్యాంక్యూ సార్! అయితే నన్ను మళ్ళీ తీసుకున్నట్టేనా?"

"నిన్ను కాదమ్మా. టాక్ సెవెంటీ ఫైవ్‌ని తీసుకోమన్నారు. ఆ పేరుతో మన స్టాఫ్‌లో ఎవరూ లేరని ఆఫీసులో ఫైలు ఆపేశారు."

అందుకే ఈ హడావిడి. రేపు పదింటికల్లా వెళ్ళి సంతకం పెట్టి రాసివ్వాలి, సదరు ప్రోటీన్ నేనేనని!