కురుమయ్య జంట గీతలు

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఏ ఆటో ముందు రెండు తెల్ల గీతలు కనపడ్డా, అవి కురుమయ్య పెట్టినవే అనుకోవచ్చు. హెడ్‌లైటు దగ్గర వెడల్పుగా మొదలై, అద్దం దాకా వచ్చేసరికి సన్నబడతాయి. బండ్లకు రేడియం స్టిక్కర్లు అతికించే దుకాణాలు అక్కడ బోలెడు. అన్నిటికీ కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. కురుమయ్య ఇంకా బ్లేడుతోనే కోస్తాడు.

ఈ విద్య ఆయనకెవరూ నేర్పలేదు. అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ నుంచి మట్టిపనికొచ్చి కవాడిగూడ బస్తీలో ఉండిపోయారు. ఈయన ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అమెరికా కార్ల పత్రిక చూసి అక్కడే చతికిలబడ్డాడు. అరవైల నాటి కార్లు, దున్నపోతు మూపులాంటి మడ్‌గార్డులు, పొడవాటి బానెట్టు, దాని నడుమ జంట గీతలు! ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోతేనేం, బొమ్మకు భాషేమిటి? ఆ తర్వాత అలాంటివి దొరికినవన్నీ కొన్నాడు. చీరల కొట్లో శాంపిళ్లు చూసినట్టు ఆటోవాళ్లు వాటిని తిరగేసి, "అన్నా, గిది పెట్టు" అని వేలు పెట్టి చూపేవారు. భార్య మంగకు మాత్రం ఒళ్లు మండేది. "బియ్యం డబ్బాకు జాగ లేదు గని, ఈ కార్లకు దొరికింది!" అనేది.

ఆ బొమ్మల్లోలాంటి అసలు కారు మీద ఒక్కసారైనా తన గీత పెట్టాలని ఆయన కోరిక. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఎండాకాలం ఆ కారే వెతుక్కుంటూ వచ్చింది. అశోక్ నగర్ క్రాంతికుమార్ ఎక్కడో షెడ్డులో తుప్పు పట్టినదాన్ని కొని, ఏళ్లతరబడి బాగుచేయించి, ఎర్ర రంగు వేయించాడు.

"ఈ కార్ల పుస్తకాలు పెట్టుకున్నది నువ్వేనంట గదన్నా. గీతలు చేత్తోనే కొయ్యాలె," అన్నాడు.

కురుమయ్య మధ్యాహ్నం అన్నం కూడా మరిచి గీతలు కోసి అతికించాడు.

క్రాంతికుమార్ కారు చుట్టూ తిరిగి చూశాడు. "అద్దం దిక్కు సన్నగైనయేందన్నా?"

"పుస్తకంల గట్లనే ఉంటయి సార్." పత్రిక తెచ్చి ముందు పెట్టాడు.

"ఫొటో ముందర నుంచి తీసిండ్రన్నా. దూరం పోయినకొద్ది సన్నగ కనపడ్తది. అసలు గీత ఆ కొస నుంచి ఈ కొస దాక ఒక్కటే వెడల్పు."

కురుమయ్య బొమ్మనూ కారునూ మార్చి మార్చి చూశాడు. రోడ్డైనా అంతేగా, దూరంగా సన్నబడుతుంది. పసిపిల్లలకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా తనకే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. గీతలు పీకేసి, సమంగా మళ్లీ అతికించాడు. క్రాంతికుమార్ మంచివాడు, ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది కురుమయ్యకు.

మర్నాడు అడిక్‌మెట్ జైపాల్ కొత్త ఆటో తెచ్చాడు. కురుమయ్య దానికి సమమైన గీతలు పెట్టాడు. జైపాల్ మొహం చిట్లించాడు.

"గిదేందన్నా, రైలు పట్టాల లెక్క? నీ గీతలు పెట్టు."

"అవి తప్పురా. అసలు కారుకు గిట్లనే ఉంటయి."

"కారు ముచ్చట నాకెందుకే? నాది ఆటో. మా అడ్డాల అందరికి ఉన్నట్టే గావాలె. బండి ఆగి ఉన్నా ఉరుకుతున్నట్టు కనపడ్తది."

కురుమయ్య కొత్త రేడియం పరిచాడు. బ్లేడు పట్టాడు గానీ చెయ్యి సాగలేదు. ఎక్కడ మొదలుపెట్టి, ఎంత సన్నం చెయ్యాలి? ఇన్నేళ్లలో ఆ ప్రశ్నే రాలేదు. కాసేపు చూసి లేచాడు. వీధిలోకి వెళ్లి, ఆగి ఉన్న ఒక ఆటో ముందు గొంతుక్కూచుని, తన గీతనే టేపు పెట్టి కొలుచుకున్నాడు.