మరిది చేతిమీదకు నెట్టిన తప్పు

ఆ షెడ్డులో అందరికీ ఆమె వదినే. సొంత మరిది మాత్రం ఒక్కడే, వెల్డరు. మిగతావాళ్ళంతా వరస కలుపుకున్నవాళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా వదిన రేకుల అంచులు గ్రైండింగ్ చేసి ఇస్తుంది, మరిది అతుకుతాడు.

కొత్త సూపర్‌వైజరుకి డిస్కంటే గుండ్రంగా తిరిగేది, అంతే. అల్యూమినియం రేకులకి వాడే గ్రైండింగ్ డిస్కులు తెప్పించడం మానేశాడు.

"ఇనుముకి వాడేవి బోలెడున్నాయిగా. వాటితోనే కానివ్వమ్మా."

"అల్యూమినియం మెత్తన సార్. ఆ డిస్కుకి అంటుకుపోతుంది. డిస్కులోని జిగురూ పొడీ అంచులో దిగబడితే వెల్డులో బుడగలొస్తాయి."

"నువ్వెప్పుడు ఇంజినీరువయ్యావు?"

అందరూ నవ్వారు. వదిన నోరు మూసుకుని ఇనుము డిస్కే బిగించింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

వారం తిరక్కుండా, ఆ రేకులతో అతికిన ట్యాంకుకి తీసిన ఎక్స్‌రే వచ్చింది. వెల్డు నిండా బుడగలే. సూపర్‌వైజరు రిజిస్టరులో ఏం రాశాడనుకున్నారు? వెల్డరు చేతికి నిలకడ లేదట. సోమవారం నుంచి లోడింగు పనికి పోవాలట. ఆ డిస్కు వాడమన్నది సూపర్‌వైజరు, శిక్ష మరిదికి. ఇదెక్కడి న్యాయమండీ?

మరిది మెత్తటి మనిషి. "పోనీలే వదినా, చెయ్యి వణికిందేమో" అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందిరా ఆ వణుకు? ముందు మాస్కు పెట్టుకో."

వదినకి ఒళ్ళు మండిపోతోంది. పెట్టె అడుగున మిగిలిన అల్యూమినియం డిస్కుతో రెండు ముక్కలకి, ఇనుము డిస్కుతో ఇంకో రెండింటికి అంచులు తీసింది. మరిది చేత రెండు జతలూ అతికించింది. వైసులో బిగించి, సుత్తితో వెల్డు దగ్గరే విరగ్గొట్టి, తెచ్చి సూపర్‌వైజరు బల్లమీద పడేసింది. మొదటి జత విరిగినచోట ఒక్క చిల్లు లేదు. రెండోది అచ్చం జల్లెడ.

"అతికిన చెయ్యి ఒకటే సార్. మరి ఇందులో చిల్లులెందుకొచ్చాయి?"

అతను ముక్కలు అటూ ఇటూ తిప్పాడు. "సరేలేమ్మా, డిస్కులు తెప్పిస్తా."

"డిస్కుల సంగతి తర్వాత. మావాడి మీద రాసింది కొట్టెయ్యండి."

"రిజిస్టరులో కొట్టివేతలు కుదరవు."

"అయితే దాని కిందే రాయండి. తప్పు డిస్కుది, వాడమన్నది మీరు, తెలిసీ వాడింది నేను. నా సంతకం నేను పెడతా."

"పనికి టైమవుతోంది."

"అవనివ్వండి."

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట ఒక మిషను ఆగింది. కాసేపటికి ఇంకొకటి. సూపర్‌వైజరు గుమ్మంలో చేరిన పనివాళ్ళవైపు చూశాడు, గడియారం చూశాడు, చివరికి పెన్ను మూత తీశాడు. రాసిందంతా వదిన పైకి చదివించుకుని, సంతకం పెట్టింది.

"సోమవారం లోడింగుకి ఎవరెళ్తున్నారు సార్?"

"ఎవరూ వెళ్ళక్కర్లేదు" అన్నాడతను, రిజిస్టరు మూస్తూ.