బూడిదరంగు చుక్కలు

హీటర్ ఆన్ అయితే చాలు, కింది వెంట్‌లోంచి వచ్చే వేడిగాలికి మా హాల్లో పరదా ఉబ్బుతుంది, దిగుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. ఇంట్లోవాళ్ళకు అది పరదా. నాకు ఊపిరి. ఈ జబ్బు నాకు అంటించింది ఒక డాక్టరే.

2009 ప్రాంతంలో మోరిస్‌విల్‌లో నేను చేరిన చిన్న కంపెనీకి ఆపరేషన్ వీడియోలతో పని. కడుపులోకి పంపిన కెమెరా చూపించే కాలేయం మీద చుక్కలు పెట్టి, రోగి ఊపిరికి అది కదిలినప్పుడల్లా అవీ కదిలేలా ప్రోగ్రామ్ రాయాలి. కోయకూడని రక్తనాళం ఎక్కడుందో సర్జన్‌కు ఆ చుక్కలే గుర్తుచేయాలి. అవి సరైన చోట ఉన్నాయో లేదో చూడటానికి రిటైరైన సర్జన్ రామ్మోహన్ గారు వచ్చేవారు. ఏ వీడియో అయినా మొదటిసారి మౌస్ ముట్టుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసేవారు. కాసేపటికి ఆయన ఊపిరి తెరమీది కాలేయంతో కలిసిపోయేది. కొన్నాళ్ళకు నాదీ. లంచ్‌కి పిలవడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని ఒక్కక్షణం చూసి, పిలవకుండానే వెళ్ళిపోయేవారు.

ఒక హాస్పిటల్ వాళ్ళకు డెమో కుదిరింది. అది పోతే కంపెనీ పోతుంది, దాంతో నా వీసా. ముందురోజు మధ్యాహ్నం ఆయనకు చూపించాను. కణజాలాన్ని కాల్చే పరికరం నుంచి లేచిన పొగ తెరంతా కమ్మేసింది. అయినా నా పచ్చ చుక్కలు లేస్తూ, దిగుతూనే ఉన్నాయి. లయ నేర్చుకుని, కనపడనప్పుడు ఊహించేలా రాసింది నేనే. మెచ్చుకుంటారని ఆయన వైపు చూశాను.

పొగ విడిపోయింది. కాలేయం కదలడం లేదు. చుక్కలు మాత్రం దానిమీద నెమ్మదిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. అక్కడితో వీడియో అయిపోయింది.

"ఏమైంది డాక్టర్ గారూ?"

"ఊపిరి కాసేపు హోల్డ్ చేయమని మత్తు డాక్టర్‌ని అడిగుంటారు. మేం అడుగుతాం."

"అంతేనా?"

"అంతే అయ్యుండాలి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పొగలో నీకేమన్నా కనపడిందా?"

"లేదండీ, ప్రెడిక్ట్ చేశాను."

"మరి గ్రీన్ ఎందుకయ్యా? ఆ పచ్చ చూసి నేనైతే కోసేసేవాణ్ణి."

"రేపే డెమో అండీ. నా వీసా..."

"వీసా నీది. కడుపు ఇంకొకడిది."

కనపడనప్పుడు చుక్కలు బూడిదరంగులోకి మారేలా రాశాను. డెమోలో పొగ రాగానే అన్నీ ఒక్కసారి మారాయి. వచ్చినవాళ్ళు మా కాఫీ బాగుందన్నారు. కంపెనీ మరో మూడు నెలలు బతికింది. ఆలోగా పార్సిప్పనీలో నాకు బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. అక్కడ ఏదీ ఊపిరి పీల్చదు.

ఐదేళ్ళ తర్వాత ఆయన పోయారు. ఫ్యూనరల్ హోమ్‌లో, పెట్టెలో, తెల్లచొక్కాతో పడుకోబెట్టారు. దగ్గరకెళ్ళి నిలబడ్డాను. చొక్కా మెల్లగా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. నా ఊపిరి బిగబట్టి చూశాను. చొక్కా ఆగలేదు.

"కనపడటం లేదు డాక్టర్ గారూ," అన్నాను, పైకే. ఆయన భార్య నా భుజంమీద చెయ్యి వేశారు. కన్నీళ్ళకు చూపు ఆనడం లేదనుకున్నారు పాపం.

ఇప్పుడే హీటర్ ఆగింది. నా కళ్ళకు పరదా ఇంకా లేస్తూనే ఉంది. వెళ్ళి చేత్తో పట్టుకు చూస్తాను. అంతవరకూ ఆగిందనీ అనను, లేస్తోందనీ అనను.