మావైపు ఎవరూ లేరండీ

నా నోరు మంచిది కాదని నూజివీడు బజారంతా తెలుసు. గంపలో పైన మంచి కాయలు పేర్చి అడుగున దెబ్బతిన్నవి దాచి తెచ్చిన రైతుని, మా మామిడికాయల కొట్టు ముందే నిలబెట్టి కడిగేసేదాన్ని. మా అత్తగారు కూడా నాతో ఆచితూచే మాట్లాడేది. అలాంటిదాన్ని, నిజంగా నోరు విప్పాల్సిన చోట అబద్ధమాడాను.

ఇది ఎనభైల నాటి మాట. మా పెద్దాడికి నాలుగేళ్ళొచ్చినా పేరు పెట్టి పిలిస్తే చూసేవాడు కాదు. చేతులు మొహం దగ్గర పెట్టుకుని గబగబా ఆడించేవాడు. సొంతంగా ఒక్క మాట లేదు. ఎవరన్నా అన్న మాటని మాత్రం వాళ్ళ గొంతుతోనే తిరిగి అప్పజెప్పేవాడు, ఒక్కోసారి రోజంతా. దిష్టి తీయించాం, తాయెత్తులు కట్టించాం. చివరికి బెజవాడలో ఒక డాక్టరు గారు ఆటిజం అన్నారు. ఆ మాట వినడం మాకదే మొదలు. రక్తం హైదరాబాదు పంపి, అందులో క్రోమోజోములు ఎలా ఉన్నాయో చూడాలన్నారు.

సూది గుచ్చే ముందు ఆయన కాగితం మీద మా రెండు కుటుంబాలూ గీశారు. మగవాళ్ళకి డబ్బాలు, ఆడవాళ్ళకి సున్నాలు. మా ఆయన వైపు వాళ్ళనంతా అత్తగారే గడగడా చెప్పేసింది. అప్పుడాయన నావైపు తిరిగారు.

"మీ అమ్మగారి వైపు ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా? ముఖ్యంగా మగవాళ్ళు?"

ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు. ఆగిరిపల్లి దగ్గర మా పుట్టింటి మామిడితోటలో, పాకలో ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి, రాలిన పిందెలు ఏరుకొచ్చి వరసలు పేర్చుకుంటూ, మధ్యమధ్య చేతులు మొహం దగ్గర ఆడించుకుంటూ. నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళకి ఆయన్ని తోట కాపలా మనిషని చెప్పారు. మా అత్తగారింట్లో అందరికీ ఆయన కాపలా మనిషే, మా ఆయనకి కూడా. ఇప్పుడు నిజం చెబితే నన్నూ నా బిడ్డనీ పుట్టింటికి తోలేస్తారని భయం. పక్కనే అత్తగారు నా మొహమే చూస్తోంది.

"మావైపు ఎవరూ లేరండీ," అన్నాను.

"ఎవరూ లేరండీ," అన్నాడు నా ఒళ్ళో పెద్దాడు. నూజివీడు చేరేదాకా బస్సులో అదే మాట.

నెల తర్వాత కాగితం వచ్చింది. క్రోమోజోముల్లో తేడా ఏమీ కనపడలేదని. అత్తగారు కొబ్బరికాయ కొట్టింది. "కనపడలేదంటే లేదని కాదు," అని డాక్టరు గారు అన్నది ఎవరూ చెవిన పెట్టలేదు. అందరికన్నా నాకే తెలియాలి, నేనూ పెట్టలేదు. రెండోవాణ్ణి కన్నాను. ఏడాదిన్నరకి వాడూ ఒకరోజు చేతులు మొహం దగ్గరికి తీసుకెళ్ళి ఆడించాడు. వాడికి అన్నం కలుపుతున్నాను. ముద్ద పళ్ళెంలో వదిలేసి వాడి రెండు చేతులూ కిందకి నొక్కి పట్టుకున్నాను.

ఈసారి ఒక్కదాన్నే వెళ్ళి మావయ్య సంగతి చెప్పాను. డాక్టరు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పాత కాగితం తీసి, మా అమ్మ సున్నా పక్కన కొత్తగా ఒక డబ్బా గీసి నల్లగా నింపారు.

"ఇలాంటి మేనమామ ఉన్నాడని తెలిస్తే ఆ రక్తాన్ని వేరే పద్ధతిలో పరీక్షించమని రాసేవాణ్ణమ్మా. అడక్కపోతే వాళ్ళు అలా చూడరు. ఇది తల్లుల నుంచి కొడుకులకి వచ్చే రకం కావచ్చు. మీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"పెళ్ళికాని చెల్లెలుందండీ."

"పిల్లలు పుట్టకముందే ఆ అమ్మాయికి చెప్పండి. మీ పిల్లల రక్తం మళ్ళీ పంపిద్దాం."

మళ్ళీ ఎందుకని ఇంట్లో అడుగుతారు. పంపలేదు. మా అమ్మకి మాత్రం అంతా చెప్పాను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ కాపురం నిలబడింది కదే. దాని కాపురం కూడా నిలబడనీ," అంది.

చెల్లిని చూసుకోవడానికి చాట్రాయి వైపు నుంచి వచ్చారు. నా పిల్లలు నూజివీడులో ఉన్నారని వాళ్ళకి చెప్పాం. నేనే ఇద్దరికీ పాత చొక్కాలు తొడిగి, తీసుకెళ్ళి, పాకలో మావయ్య దగ్గర కూర్చోబెట్టాను. కాఫీలయ్యాక పెళ్ళికొడుకు తండ్రి తోట చూద్దామన్నాడు. మామిడి వ్యాపారం చేసే మనిషి, ఎలా ఆపుతాం? కాపు బాగుందంటూ పాక దాకా వచ్చేశాడు. ముగ్గురూ పక్కపక్కన కూర్చుని పిందెలు పేరుస్తున్నారు. చిన్నాడు లేచొచ్చి నా కొంగు పట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఈ పిల్లలు?" అన్నాడాయన.

కొంగు విడిపించుకున్నాను. "కాపలావాళ్ళ పిల్లలండీ," అన్నాను. పెద్దాడు ఆరోజు నోరెత్తలేదు. బతికిపోయాననుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆ వేసవిలోనే పెళ్ళయింది. పిల్లల్ని నూజివీడులోనే ఉంచి వెళ్ళాను. డాక్టరు గారి మాట చెల్లికి ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. మరుసటి ఏడాది పురిటికొచ్చింది. మగపిల్లాడు. నా పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. పెద్దాడు తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, అచ్చం నా గొంతుతో, "కాపలావాళ్ళ పిల్లలండీ," అన్నాడు.

చెల్లి నవ్వింది. "ఈ మాట వీడికెక్కడ దొరికిందే అక్కా?" అంది.